వీధి ఎవరికి అందుతోంది?

(విజయవాడ బీసెంట్ రోడ్డులో సర్వే మొదలుపెట్టబోతున్న డిగ్రీ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు మీరు ఎంచుకున్న ప్రశ్న చూశాను. బీసెంట్ రోడ్డు తన చుట్టూ ఉన్న ప్రజల అవసరాలు తీరుస్తోందా, లేదా? మంచి ప్రశ్న. ఏ సాయంత్రమైనా ఆరు గంటలకు ఏలూరు రోడ్డు వైపు నిలబడి చూస్తే దీనికి జవాబు తెలిసిపోయినట్టే ఉంటుంది. ఇసుక వేస్తే రాలనంత జనం. ఇంతమంది వస్తున్నారంటే అవసరాలు తీరుతున్నట్టే కదా అనిపిస్తుంది. కానీ వచ్చినవాళ్లను చూసి చెప్పే జవాబు సగమే. మిగతా సగం రానివాళ్ల ఇళ్లలో, రాలేనివాళ్ల దగ్గర ఉంది. ఇంకో చోటికి వెళ్లి కొనుక్కునే వీలు ఏమాత్రం లేని మనిషికి ఈ వీధి ఎంతవరకు పనికొస్తోంది? నా దృష్టిలో వీధిని కొలవడమంటే అది అలాంటి మనిషికి పనికొచ్చే తీరును కొలవడమే. ఈ రోజు నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు వీధి గురించి. గవర్నర్‌పేటలో ఏలూరు రోడ్డును, బందరు రోడ్డును కలిపే వీధి ఇది. ఏలూరు రోడ్డుకు కార్ల్ మార్క్స్ పేరు, బందరు రోడ్డుకు మహాత్మాగాంధీ పేరు, ఈ రెండింటినీ కలిపే వీధికి అనీ బిసెంట్ పేరు. ఈ ముగ్గురూ ఇలా పక్కపక్కన ఉండటం నాకు ఎప్పుడూ ఇష్టమే. బట్టలు, చెప్పులు, ఫ్యాన్సీ సామాన్లు, బ్యాగులు, రోల్డ్ గోల్డ్ నగలు. దుకాణాల్లో దొరికేవి కొన్ని, దుకాణాల ముందు తోపుడు బండ్ల మీద దొరికేవి కొన్ని. కాస్త అవతల లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు, ఏలూరు రోడ్డు పొడవునా కొత్త పుస్తకాల దుకాణాలు, ఇటు సూర్యారావుపేట నిండా ఆస్పత్రులు. అంటే ఈ వీధికి ఊరంతా వస్తుంది, చుట్టుపక్కల పల్లెలు కూడా వస్తాయి. మరి మీరు రాసుకున్న 'చుట్టూ ఉన్న ప్రజలు' ఎవరు? సర్వే పత్రం రాసుకునే ముందే దీనికి జవాబు అనుకోవాలి.

గవర్నర్‌పేటలో కాపురం ఉంటున్నవాళ్లు ఉన్నారు. వీధికి అయిదారు వందల మీటర్ల లోపు ఉండి పాలు, కూరలు, మందులు రోజూ కావలసినవాళ్లు. కృష్ణలంక నుంచి నడిచి వచ్చేవాళ్లు, సింగ్ నగర్ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఈ వీధి పిల్లల స్కూలు బ్యాగు కోసం, పండగ బట్టల కోసం. పల్లె నుంచి రోగిని సూర్యారావుపేట డాక్టరు దగ్గరికి తీసుకొచ్చి, పరీక్షల రిపోర్టు వచ్చేలోగా ఇంట్లోవాళ్లకు ఏదో ఒకటి కొందామని వచ్చేవాళ్లూ ఉన్నారు. ఇక ఈ వీధిలోనే పొద్దంతా పనిచేసేవాళ్లను చాలామంది మరచిపోతారు. బట్టల దుకాణాల్లో అమ్మకం చేసే అమ్మాయిలు, బండి మీద అమ్మేవాళ్లు, మూటలు మోసేవాళ్లు. రోజులో మెలకువగా ఉన్న సమయంలో సగానికి పైగా ఇక్కడే గడిపేవాళ్లు ఈ వీధి ప్రజలు కాకపోతే ఇంకెవరు? ఈ నాలుగు రకాలవాళ్లను ఒకే కాగితంలో కలిపేయకండి. నలుగురి జవాబులు కలిపి సగటు తీస్తే వచ్చేది ఎవరి జవాబూ కాదు.

1933లో వాల్టర్ క్రిస్టాలర్ అనే జర్మన్ భూగోళ శాస్త్రవేత్త దక్షిణ జర్మనీ పట్టణాలను పరిశీలించి ఒక సిద్ధాంతం చెప్పాడు. అది మీకు బాగా పనికొస్తుంది. ప్రతి వస్తువుకూ రెండు కొలతలు ఉంటాయంటాడు. దాని కోసం మనిషి ఎంత దూరం పోతాడన్నది ఒకటి. అది అమ్మే దుకాణం నిలబడాలంటే కనీసం ఎంతమంది కొనాలన్నది రెండోది. కొత్తిమీర కట్ట కోసం వీధి చివరి దాకా పోతాం, పెళ్లి చీర కోసం పక్క జిల్లా నుంచి కూడా వస్తాం. కాబట్టి కొత్తిమీర ప్రతి వీధిలోనూ దొరుకుతుంది, పెళ్లి చీరల దుకాణాలు మాత్రం ఊరి నడిబొడ్డున ఒకేచోట గుంపు కడతాయి. బీసెంట్ రోడ్డు ఎందుకు ఇలా ఉందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. అయితే ఆయన లెక్కలో భూమి అంతా సమతలం, నడిచేవాళ్లంతా ఒకేలా నడవగలరు. మన దగ్గర మోకాళ్ల నొప్పులతో మేడ మెట్లు దిగే పెద్దావిడ ఉంది, మొగల్రాజపురం కొండవాలు ఇంటి నుంచి చంకలో పిల్లతో దిగి వచ్చే తల్లి ఉంది. అరకిలోమీటరు అందరికీ ఒకే అరకిలోమీటరు కాదు. మీ పటంలో దూరాన్ని మీటర్లలో రాయండి, దాని పక్కనే అది ఎవరికి ఎన్ని నిమిషాలో కూడా రాయండి.

పటం ఎలా గీయాలో చెబుతాను. పెద్ద కాగితం మీద వీధిని రెండు గీతలుగా గీసి, ఒక చివరి నుంచి రెండో చివరి దాకా నడుస్తూ ప్రతి షట్టరును గుర్తించండి. ఏం అమ్ముతున్నారు? రోజూ కావలసిందా, నెలకోసారి కావలసిందా, ఏడాదికోసారి కావలసిందా? తలెత్తి పై అంతస్తులు కూడా చూడండి. మెట్ల కిందకీ వంగి చూడండి. అసలు సేవలన్నీ అక్కడే ఉంటాయి. చీరకు పికో, ఫాల్స్ కుట్టే ఆమె మెట్ల కింద ఒక కుట్టు మిషను వేసుకుని ఉంటుంది. గడియారానికి బ్యాటరీ వేసే ఆయన రెండు దుకాణాల మధ్య గోడకు ఆనించిన అద్దాల పెట్టె వెనక ఉంటాడు. చెప్పులు కుట్టే ఆయనకు గొడుగే దుకాణం. వీళ్లెవరికీ బోర్డు ఉండదు, ఏ యాప్‌లో వెతికినా కనిపించరు. మీరు రాయకపోతే వాళ్లు లేనట్టే అయిపోతారు. మూసి ఉన్న షట్టర్లను కూడా రాసుకోండి. అంతకుముందు అక్కడ ఏముండేదో పక్క దుకాణంవాళ్లను అడగండి. బాగుచేసే పనులు, పిండి మరలు, చిన్న కిరాణా కొట్లు అద్దె పెరిగేకొద్దీ నడివీధి నుంచి వెనక సందులోకి, అక్కడి నుంచి ఎక్కడికో వెళ్లిపోతాయి. ఒక పిండి మర తన అద్దె తాను సంపాదించుకోలేకపోతే, ఆ చుట్టుపక్కలవాళ్లకు పిండి పట్టించే అవసరం లేదని అర్థం కాదు. ఆ అవసరం వల్ల వచ్చే డబ్బు ఆ వీధి అద్దెకు చాలలేదని మాత్రమే అర్థం. అమ్ముడుపోయేదాన్ని చూసి అదే అవసరమని అనుకోవద్దని నేను ఇంతగా చెప్పేది అందుకే.

కేంద్ర గణాంక శాఖ 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల నెలసరి ఖర్చులో సుమారు 39 శాతం తిండికే పోతోంది. ఈ సంఖ్యను మీ పటం పక్కన పెట్టి చూడండి. వీధి పొడవులో తిండికి సంబంధించిన భాగం ఎంత? అందులో వండుకునే సరుకు ఎంత, వండి అమ్మేది ఎంత? కర్రీ పాయింట్లు కనిపిస్తే వాటిని ప్రత్యేకంగా గుర్తించండి. ఒక ప్రాంతంలో కర్రీ పాయింట్లు పెరుగుతున్నాయంటే అక్కడ గదుల్లో ఉండి చదువుకునే పిల్లలో, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే దంపతులో, వండుకునే ఓపిక లేని వృద్ధులో ఉన్నారని అనుకోవచ్చు. ముగ్గురిలో ఎవరో అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ముగ్గురి అవసరాలూ వేరు. మరి కూరగాయలు? అంబేడ్కర్ స్మృతివనం వెలసిన స్వరాజ్య మైదానంలో ఒకప్పుడు రైతు బజారు నడిచేది. సంచి పట్టుకుని అక్కడికి నడిచి వెళ్లిన గవర్నర్‌పేట ఇల్లాలు ఇప్పుడు కూరలు ఎక్కడ కొంటోంది? ఇంటి ముందుకు వచ్చే బండి దగ్గరా, వన్ టౌన్‌లోని కాళేశ్వరరావు మార్కెట్‌కు ఆటోలో వెళ్లా, ఫోనులో తెప్పించుకునా? దీనికి జవాబు బీసెంట్ రోడ్డులో నిలబడితే దొరకదు. తలుపు తట్టి అడగాలి.

ధరల విషయంలో ఒక పని చేయండి. ఒక చిన్న కుటుంబానికి వారానికి కావలసిన సరుకుల జాబితా ఒకటి తయారుచేసి అవే సరుకుల ధరలను ఈ వీధిలోనూ, ఒక సూపర్ మార్కెట్‌లోనూ, ఫోను యాప్‌లోనూ రాసుకోండి. అయిదు కిలోల కందిపప్పు ధర మాత్రమే రాస్తే సూపర్ మార్కెట్ గెలుస్తుంది. పావుకిలో ధర కూడా రాయండి. రోజు కూలి తెచ్చుకుని ఆ రోజుకు కొనుక్కునే ఇంటికి కావలసింది పావుకిలో. ఆటో ఖర్చు కలపండి. అప్పు పెట్టే కొట్టు ఉందా అని అడగండి, ఎందుకంటే నెలాఖరులో పద్దు రాసుకుని సరుకు ఇచ్చే కొట్టు చేసే మేలు ఏ ధరల పట్టికలోనూ కనిపించదు. ఆ పద్దు పుస్తకం మూతపడితే ఆ కుటుంబం వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవలసిందే.

ఎప్పుడు లెక్కపెట్టాలన్నది చాలా ముఖ్యం. ఆషాఢం తగ్గింపు ధరలప్పుడో, శ్రావణ శుక్రవారాల ముందో, దసరాకు దుర్గమ్మ కొండ కిందంతా జనంతో నిండిపోయినప్పుడో లెక్కపెట్టి ఇదే ఈ వీధి అని రాయకండి. పండగ లేని మామూలు వారం ఒకటి తీసుకోండి. జీతాలు వచ్చే మొదటి వారం, చేతులు ఖాళీ అయ్యే చివరి వారం రెండూ చూడండి. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి తొమ్మిదింటికి పది నిమిషాల చొప్పున నిలబడి అటూ ఇటూ నడిచేవాళ్లను ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, వృద్ధులుగా లెక్కపెట్టండి. మే నెల ఎండలో మధ్యాహ్నం ఈ వీధిలోకి ఎవరు వస్తారో చూస్తే, తప్పక వచ్చేవాళ్లు ఎవరో తెలుస్తుంది. నీడ ఎక్కడుందో కూడా పటంలో గీయండి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారని, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. పదింటికి తెరిచే దుకాణం, ఆ ఇంటి పని ముగించుకుని తొమ్మిదింటికే పనికి వెళ్లే ఆమెకు పొద్దున పనికిరాదు. ఆమె రాత్రి ఎనిమిదింటికి తిరిగి వచ్చేటప్పుడు ఏ దుకాణాలు తెరిచి ఉంటాయో, ఆ దారిలో వీధి దీపాలు వెలుగుతున్నాయో లేదో మీ సర్వేలో ఉండాలి.

ఆమె తిరిగి వచ్చే దారిలో సాధారణంగా తెరిచి ఉండేది తోపుడు బండి. ఇక్కడ ఒక సుప్రీంకోర్టు తీర్పును గుర్తుచేయాలి. 1989లో సోదాన్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగంలో వృత్తి, వ్యాపార స్వేచ్ఛనిచ్చే 19(1)(జి) అధికరణం కింద హక్కేనని, సహేతుకమైన నియంత్రణలు మాత్రం ఉండవచ్చని చెప్పింది. ఆ తీర్పులో ఒక మాట నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. పెద్దగా డబ్బులేని మామూలు మనిషి రోజంతా పనిచేసి తొందరగా ఇంటికి పోతూ, దారి తప్పి బజారు వెతుక్కోనవసరం లేకుండా, రోజూ వాడుకునే సామాను తక్కువ ధరకు దారిలోనే కొనుక్కోగలుగుతాడని, చిన్న వ్యాపారులు ప్రజలకు ఆ సౌకర్యం కలిగిస్తున్నారని న్యాయమూర్తులు గుర్తించారు. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ తీర్పులోనే ఉంది.

అదే సుప్రీంకోర్టు 2025 మే నెలలో పాదచారులకు కాలిబాట ఉండటం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. రెండూ హక్కులే. బీసెంట్ రోడ్డులో ఈ రెండు హక్కులూ ఒకదానికొకటి అడ్డుపడుతున్నట్టు కనిపిస్తాయి. పత్రికల్లో ఈ వీధి గురించి వార్త వస్తే ఎక్కువగా ఈ గొడవ గురించే వస్తుంది. బండ్లు తీసేస్తే వీధి బాగుపడుతుందని ఒకరు, తీస్తే మా బతుకేమిటని ఇంకొకరు. మీరు ఎవరి పక్షమో చెప్పే ముందు టేపు తీసి కొలవండి. ప్రతి ఇరవై మీటర్లకు ఒకచోట ఆగి, నడిచే మనిషికి అడ్డం లేకుండా మిగిలిన వెడల్పు ఎంతో రాయండి. దారి వెడల్పును తగ్గించింది ఏమిటో కూడా రాయండి. దుకాణం బయటికి జరిపిన మెట్లా? బట్టలు తొడిగి ముందు నిలబెట్టిన బొమ్మలా? కరెంటు స్తంభమా, ట్రాన్స్‌ఫార్మరా? వరసగా నిలిపిన మోటారు సైకిళ్లా? బండా? పాదచారుల దారికి, రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు చెబుతున్నాయి. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వచ్చి తప్పుకోగలిగేటంత వెడల్పు అది. ఇంకో లెక్క కూడా చేయండి. ఒక కారు నిలపడానికి సాధారణంగా రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు వదులుతారు. అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బండి రెండుంపావు చదరపు మీటర్లు కూడా దాటదు. ఒక కారు నిలబడిన చోట అయిదు కుటుంబాలు బతకగలవు. కొలతలు చేతిలో ఉంటే మాట్లాడే తీరే మారిపోతుంది. కేకలు తగ్గి, ఏది ఎక్కడికి జరపవచ్చో మాట్లాడుకోవచ్చు.

2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టాన్ని సర్వేకు ముందు మీలో ప్రతి ఒక్కరూ చదవాలి. ప్రతి పట్టణంలో వీధి వ్యాపారాల సంగతి చూసే వెండింగ్ కమిటీ ఉండాలని, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఎన్నుకున్న వీధి వ్యాపారులై ఉండాలని, వాళ్లలో మూడోవంతు స్త్రీలు ఉండాలని ఆ చట్టం చెబుతోంది. అయిదేళ్లకోసారైనా వీధి వ్యాపారుల సర్వే జరగాలి. ఆ సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఖాళీ చేయించవలసి వస్తే ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపించాలి. పది లక్షలు దాటిన విజయవాడకు ఆ లెక్కన పాతికవేల మంది. యాభై ఏళ్లకు పైగా వీధి వ్యాపారులు అమ్ముకుంటున్న సహజమైన బజార్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్లను కదిలించకూడదని చట్టం రెండో షెడ్యూలులో ఉంది. కాబట్టి మీరు వృద్ధులను అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. మీ చిన్నప్పుడు ఈ వీధిలో బండ్లు ఎక్కడ నిలబడేవి? ఏం అమ్మేవాళ్లు? వాళ్ల ఇళ్లలో పాత ఫొటోలు ఉంటే అడిగి చూడండి. ఎవరో సరదాగా తీసుకున్న ఫొటోలో వెనక కనిపించే బండి రేపు ఒక కుటుంబానికి సాక్ష్యం కావచ్చు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మీరు గీసే పటం ఎవరి చేతికైనా వెళ్లవచ్చు. ఫలానా చోట ఫలానా బండి అని మీరు రాసింది ఒకరికి సాయపడే పత్రం కావచ్చు, అదే ఇంకొకరి చేతిలో ఆక్రమణల జాబితా కావచ్చు. వీధి వ్యాపారికి లెక్కలోకి ఎక్కడం వల్ల మేలూ ఉంది. వీధి వ్యాపారులకు అప్పులిచ్చేందుకు 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకంలో మొదటి విడత పదివేల రూపాయల అప్పు తీసుకోవాలన్నా గుర్తింపు పత్రమో, సిఫారసు లేఖో చూపించవలసి వచ్చింది. లెక్కలో లేనివాళ్లకు అది అందడం కష్టమైంది. అందుకే ఎవరినీ వదలకుండా లెక్కపెట్టండి, కానీ పేర్లు, ఫోను నంబర్లు, ఫొటోలు తీసుకోకండి. ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పండి. చెప్పడం ఇష్టం లేదంటే నమస్కారం పెట్టి ముందుకు వెళ్లండి. బేరం సాగుతున్న సమయంలో అడగకండి. మీ ప్రశ్న వల్ల ఒక్క బేరం పోయినా అది వాళ్ల రాత్రి భోజనంలోంచి పోయినట్టే.

అడిగే తీరు గురించి. 'ఈ వీధి మీకు నచ్చిందా', 'సౌకర్యాలు బాగున్నాయా', 'మీకు ఇంకా ఏం కావాలి' అని అడగవద్దు. మర్యాద కోసం బాగుందంటారు, లేదా పెద్ద మాల్ కావాలంటారు. ఆ జవాబులతో ఏమీ తెలియదు. జరిగిపోయిన పని గురించి అడగండి. కిందటిసారి కుక్కర్ గ్యాస్కెట్ పాడైతే ఎక్కడ కొన్నారు? చెప్పు తెగితే కుట్టించారా, కొత్తవి కొన్నారా? రాత్రి జ్వరానికి మందు కావలసి వచ్చినప్పుడు ఎవరు వెళ్లారు, ఎంత దూరం వెళ్లారు? జాకెట్టు ముక్క రంగు కుదరడానికి మ్యాచింగ్ సెంటర్‌కు ఎన్నిసార్లు తిరిగారు? మీకు మీరుగా వెళ్లగలిగారా, ఎవరినైనా తోడు తీసుకెళ్లవలసి వచ్చిందా? ఈ చివరి ప్రశ్న అందరినీ అడగండి. తోడు లేకుండా వెళ్లలేని బజారు వృద్ధుల చేతి నుంచి జారిపోయినట్టే. కొడుకు సెలవు రోజు కోసం ఎదురుచూసి చిన్న సబ్బు బిళ్ల కొనుక్కోవడం ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం. దుకాణం మెట్ల పక్కన ర్యాంపు ఉందా, ఉంటే దాని వాలు ఎంతో కొలవండి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. చాలాచోట్ల అది మోటారు సైకిలు ఎక్కించుకోవడానికి వేసిన వాలే తప్ప, చక్రాల కుర్చీ ఎక్కేది కాదు.

పనిచేసేవాళ్ల దగ్గరికి మళ్లీ వస్తాను. దుకాణాల్లో అమ్మకం చేసే అమ్మాయిలు గంటల తరబడి నిలబడి ఉంటారు. కొనేవాళ్లు లేని సమయంలో కూడా కూర్చోనివ్వని దుకాణాలు ఉన్నాయి. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని చట్టసవరణ చేశారు. కేరళలో ఆడవాళ్లు పోరాడి తెచ్చుకున్న హక్కు అది. ఇక్కడి దుకాణాల్లో వాళ్లకు కుర్చీ ఉందా, భోజనానికి చోటుందా, మంచినీళ్లు ఉన్నాయా అన్నది మీ సర్వేలో తప్పక ఉండాలి. యజమాని ముందు అడిగితే అన్నీ ఉన్నాయనే చెబుతారు. బయట టీ బండి దగ్గర, వాళ్ల తీరిక చూసుకుని మీలోని అమ్మాయిలు అడగండి.

మరుగుదొడ్డి సంగతి అన్నింటికన్నా ముందు చెప్పవలసింది. పొద్దున బండి పెట్టి రాత్రి దాకా వీధిలో నిలబడే స్త్రీ ఎక్కడికి వెళ్తుంది? ఎంత దూరం? ఎంత డబ్బు? ఆమె వెళ్లినప్పుడు బండి ఎవరు చూస్తారు? వెళ్లనవసరం లేకుండా ఉండాలని నీళ్లు తాగడం మానేసే స్త్రీలు మన బజార్లలో ఎంతోమంది ఉన్నారు. విజయవాడ ఎండలో నీళ్లు తాగకుండా పనిచేయడం అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. కోట్ల రూపాయల వ్యాపారం జరిగే వీధిలో ఒక శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే, ఆ వీధి తన మనుషుల అవసరం తీరుస్తోందని నేను ఒప్పుకోను. ఎక్కడుందో పటంలో గుర్తించండి. తలుపుకు గడియ ఉందా, నీళ్లు వస్తున్నాయా, రాత్రి ఎన్నింటికి తాళం వేస్తారు, ఇవన్నీ రాయండి. బోర్డు చూసి 'ఉంది' అని టిక్కు పెట్టవద్దు.

అక్కడ వెనక వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తారు. చెప్పమ్మా. 'ఇదంతా రాసి కాలేజీలో ఇస్తే మార్కులు వస్తాయి, వీధికి ఏం వస్తుంది' అంటున్నారు. అడగవలసిన ప్రశ్నే అడిగారు.

మీ నివేదికను ముందు ఆ వీధిలోనే చదివి వినిపించండి. తెలుగులో రాయండి, రెండు మూడు పేజీలు దాటనివ్వకండి. దుకాణదారులు, బండ్లవాళ్లు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఒకేచోట కూర్చుని వినేలా ఏర్పాటు చేయండి. మీరు తప్పు రాసి ఉంటే వాళ్లే చెబుతారు, దిద్దుకోండి. తరువాత వార్డు సచివాలయంలో ఇవ్వండి, కార్పొరేషన్‌కు ఇవ్వండి. పదిహేను సిఫారసులు రాస్తే ఒక్కటీ జరగదు. కొలతలతో సహా చూపించగలిగినది, ఎవరి పొట్టా కొట్టనిది ఒకటి ఎంచుకోండి. మరుగుదొడ్డి తాళం వేసే వేళ మార్చడం కావచ్చు, ఒక చోట నీడ కావచ్చు, మోటారు సైకిళ్లు నిలిపే వరసను అటు తిప్పి రెండు మీటర్ల దారి మిగల్చడం కావచ్చు. అది జరిగేదాకా అడుగుతూ ఉండండి.

మరో పని సర్వేతో పాటే మొదలుపెట్టవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, పట్టణ వెండింగ్ కమిటీలో సభ్యులు ఎవరు, చివరి సమావేశం ఎప్పుడు జరిగింది, అందులో ఏం తీర్మానించారు, చివరి సర్వేలో ఈ వీధికి ఎంతమందిని గుర్తించారు అని అడగండి. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. మీరు లెక్కపెట్టిన సంఖ్య, వాళ్లు ఇచ్చిన సంఖ్య పక్కపక్కన పెట్టినప్పుడు తేడా ఉంటే, ఆ తేడాలో ఉన్న ప్రతి అంకె ఒక మనిషి. దరఖాస్తు నమూనా కాగితాలు ఇక్కడ బల్ల మీద పెట్టాను. బృందానికి ఒకటి చొప్పున తీసుకోండి. ఇంకా ప్రశ్నలు ఉన్నవాళ్లు ముందుకు రండి.